అబిడ్స్ లాడ్జీలో విప్పిన లేసు పువ్వు

కూర్చో బ్లెస్సీ. గుమ్మంలో ఒక కాలు, బయట ఒక కాలు కాదు, సరిగ్గా మఠం వేసుకుని కూర్చుని విను. ఆ ఫోను బోర్లా పెట్టు. నేను చెప్పింది చెప్పినట్టు రాయి, నీ కాలేజీ మాటలు కలపకు. మన సంఘం స్త్రీల పత్రికవాళ్ళు, హైదరాబాదు వెళ్ళొచ్చావు కదా కరుణమ్మా, నాలుగు ముక్కలు చెప్పి రాయించమన్నారు. నర్సాపురం దాటి అంత దూరం వెళ్ళనివాళ్ళు చదువుతారు కాబట్టి నెమ్మదిగానే చెప్తాను.

ముందే చెప్పేస్తున్నాను, ఇందులో చార్మినారు లేదు, గోల్కొండ లేదు. నేను చూసింది నాంపల్లి, అబిడ్స్, వాటి పక్క బజార్లు, ఒక ఆసుపత్రి. వెళ్ళింది మా చెల్లెలు సుగుణ కోసం. దాని రొమ్ములో గడ్డ ఉంది. భీమవరంలో ముక్క తీసి పరీక్ష చేసి, కాన్సరే అన్నారు. హైదరాబాదు తీసుకెళ్ళి మందు ఎక్కించండి, గడ్డ తగ్గాక ఆపరేషన్ చేస్తారు అని చీటీ రాసిచ్చారు. సుగుణకి ముందూ వెనకా నేనే. పెళ్ళి చేసుకోలేదు. చిన్నప్పటినుంచి నా పక్కనే కూర్చుని లేసు అల్లింది, నాకంటే బాగా అల్లింది. దాన్ని తీసుకెళ్ళాలి, మందు ఎక్కించాలి, తిరిగి తీసుకురావాలి. ఇంతే నేను పెట్టుకున్న పని. అది కాకుండా మాత్రం ఇంటికి రానని అనుకునే రైలెక్కాను.

నాంపల్లి

రైలు దిగి ఆటో దగ్గరికి వెళ్ళగానే అతను "యాడికి వోవాలె పెద్దమ్మా?" అన్నాడు. సుగుణ అలవాటు కొద్దీ "అబిడ్సండి, ఆయ్" అంది. అతను వెనక్కి తిరిగి దాన్ని పైనుంచి కిందిదాకా చూసి, గోదారోళ్ళా అని నవ్వాడు. మీటరు మాట ఎత్తితే మాత్రం ఆకాశం వైపు చూశాడు.

అక్కడ ఆసుపత్రి అంటే ఎవరూ తల తిప్పరు, దవాఖాన అనాలి. అద్దె అనకూడదు, కిరాయి. ఔను అని ఇంత పొడుగు అనరు, "ఔ" అని తేల్చేస్తారు. రెండు రోజులు పోయేసరికి నేను కూడా ఔ అంటున్నాను.

మేము దిగిన లాడ్జీ అబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషనుకి వెళ్ళే దారిలో ఒక సందులో ఉంది. యజమాని పేరు నర్సింగరావు గారు. వాళ్ళ తాతల నాటినుంచి అక్కడ బట్టల కొట్టు ఉందట. కింద కొట్టు ఉంచుకుని, పై గదులు దవాఖానకి వచ్చేవాళ్ళకి కిరాయికిస్తున్నాడు. మనిషి మంచివాడే, కాకపోతే మనం ఒక మాట అడిగితే ఆయన పది చెప్తాడు. అది నాకు బాగానే ఉంది, నాతో సమానంగా మాట్లాడేవాడు ఒకడు దొరికాడు. మమ్మల్ని చూడగానే, "జర ఆరాం చేయున్రి అమ్మా, ఫికర్ చెయ్యకున్రి" అన్నాడు. ఫికరు అంటే ఫీజు కాబోలనుకుని సుగుణ సంచిలో చెయ్యి పెట్టింది. బెంగ అని ఆయనే విడమర్చి చెప్పాడు.

పొద్దున్నే హోటల్లో ఖిచిడీ అడిగాను. మన పొంగలి లాగా ఉంటుందనుకుంటే పచ్చగా, పొడిపొడిగా ఉంది. దానిమీద ఖట్టా అని పుల్లటి నువ్వుల పులుసు పోసుకోవాలి. టీ అయితే సాసరులో ఒలికిస్తూనే తెస్తారు, ఉప్పూ తీపీ కలిసిన బిస్కట్టు అందులో ముంచుకు తినాలి. ఆ డబ్బుకి మన దగ్గర ఇద్దరం ఇడ్లీ తిని కాఫీ తాగి ఇంకా మిగుల్చుకుంటాం. అయినా బిస్కట్టు బాగుంది. సుగుణ రెండు తిని, ఇంకోటి కొంగున కట్టుకుంది.

దవాఖాన

రెండో రోజు దవాఖానకి వెళ్ళాం. పెద్ద హాలు. నా పక్కన తెలుగు, ముందు వరసలో ఉర్దూ, వెనకాల ఎవరో మరాఠీ. అందరికీ ఒకటే భయం కాబట్టి మాట రాకపోయినా ఒకరి సంచి ఒకరు కాపలా కాస్తున్నారు.

పెద్ద డాక్టరమ్మ వచ్చింది. నెరిసిన జుట్టు, కాళ్ళకి మామూలు చెప్పులు. వెనకాల తెల్లకోట్లు వేసుకున్న విద్యార్థులు. సుగుణ కాగితాలు చూసి, ఆ పిల్లలకి ఇంగ్లీషులో చాలాసేపు చెప్పింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. తర్వాత మా వైపు తిరిగి చక్కగా తెలుగులో, ఎల్లుండి పొద్దున మందు మొదలుపెడదాం, మంచిగా తిని రండి అని చెప్పి వెళ్ళింది. నాకు ప్రాణం కుదుటపడింది. పక్కకి చూస్తే సుగుణ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

ఏమిటే అంటే చెప్పదు. గదికి పోదామంటే పోదాం, కూర్చుందామంటే కూర్చుందాం. సరే, మనసు మళ్ళుతుందని సాయంత్రం మొజంజాహీ మార్కెట్‌కి తీసుకెళ్ళాను. పాత రాతి కట్టడం, మధ్యలో గడియారం, వరసగా పళ్ళ కొట్లు, పక్కన ఐస్‌క్రీం కొట్లు. సీతాఫలం పళ్ళు నేరుగా వేసి చేస్తారు, గింజ ఒక్కటి పంటికింద పడదు. నేను నాది తినేశాను. సుగుణ కప్పులోది కరిగి నీళ్ళయిపోయింది. అప్పుడు చెప్పింది.

"నా ప్రోగ్రాం వేసేశారక్కా."

"ఏం ప్రోగ్రామే?"

"చావుకి. డాక్టరమ్మ ఆ పిల్లలకి చెప్తుంటే నా చెవులారా విన్నాను. ప్రోగ్రామ్డ్ డెత్ అంది, రెండు మూడుసార్లు అంది. ఆ మందెక్కించేది అందుకేనంట. మంచిగా తిని రమ్మంది కూడాను, నువ్వూ విన్నావుగా."

ఇది ఎందుకలా అనుకుందో చదివేవాళ్ళకి తెలియాలి, రాయి. సుగుణ పదో తరగతి దాకా చదివింది, ఇంగ్లీషు మాటలు పట్టుకోగలదు. మన స్త్రీల కూటాలకి ప్రోగ్రాం రాసేది అదే. ప్రార్థన ఎవరు, పాట ఎవరు, వాక్యం ఎవరు, కాఫీ ఎప్పుడు, అన్నీ టైముతో సహా కాగితం మీద పెడుతుంది. ఒకసారి పెట్టాక పాస్టరుగారు చెప్పినా మార్చదు. దాని లెక్కలో ప్రోగ్రాం అంటే అయిపోయినట్టే. ఇక తిరుగులేదు.

చావాల్సిందే అయితే మనింట్లో చస్తాను గానీ, ఊరు కాని ఊళ్ళో గొట్టాలు పెట్టించుకుని కాదు అంది. రేపు సాయంత్రం రైలుకి వెళ్ళిపోదాం అంది. దాని గొంతులో ఏడుపు లేదు. అందుకే నాకు భయం వేసింది. సుగుణ ఏడిస్తే మాట వింటుంది, ఏడవకపోతే వినదు. వెళ్ళిపోతే గడ్డ ఆగుతుందా? ఆగదు. మళ్ళీ దాన్ని రైలెక్కించగలనా? ఎక్కించలేను. రేపు సాయంత్రం లోపల ఆ మాటకి అర్థమేమిటో నేను తెలుసుకుని రావాలి.

సెల్లు గొడవ

మూడో రోజు పొద్దున్నే సుగుణ సంచి సర్దడం మొదలుపెట్టింది. నేను కిందికి దిగి, చదువుకున్నవాడు కదా అని నర్సింగరావు గారిని అడిగాను. డాక్టర్లు ఏదో సెల్లు చావడం గురించి అన్నారట, మీకేమైనా తెలుసా అన్నాను. మా సుగుణ విన్న మాటల్లో సెల్ అన్నది కూడా ఉంది మరి.

"సెల్ ఖరాబయ్యిందా అమ్మా? గింత దానికి పరేషాన్ ఎందుకు? గీడనే జగదీశ్ మార్కెట్ ఉన్నది గద. సచ్చిన సెల్‌కి గూడ పానం వోస్తరు గాళ్ళు."

ఫోను కాదు బాబూ, మా చెల్లెలు అన్నాను. పాపం, ఆయన ముఖం చిన్నబోయింది. కొట్టు వదిలేసి వచ్చి తనే ఆటో పిలిచి, దవాఖాన పేరు చెప్పి ఎక్కించాడు.

దవాఖానలో ఆ రోజుకి చూపించుకునేవాళ్ళ వరస అప్పుడే నిండిపోయింది. రేపు రండమ్మా అన్నారు. రేపటికి నా చెల్లెలు నర్సాపురంలో ఉంటుంది నాయనా అని, డాక్టరమ్మ గది ఎదురుగా బెంచీ మీద కూర్చున్నాను. లేవమన్నారు, లేవలేదు. నీళ్ళు తాగమన్నారు, తాగాను, మళ్ళీ కూర్చున్నాను. మధ్యాహ్నం ఆవిడ బయటికి వచ్చింది. వెళ్ళి దారికి అడ్డంగా నిలబడ్డాను. వాచ్‌మన్ నన్ను పట్టుకుని పక్కకి తీయబోతే ఆవిడే వద్దని చేత్తో సైగ చేసింది.

"డాక్టరమ్మా, మా చెల్లెలి చావుకి మీరు ప్రోగ్రాం వేశారట. ఏ రోజో, ఎన్ని గంటలకో చెప్తే మా పాస్టరుగారికి కబురు పెట్టుకుంటాం."

ఎగతాళికి కాదు, నిజంగానే అడిగాను. ఆవిడ నవ్వలేదు. నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి పక్కనే కూర్చుంది. ఏం విన్నామో, ఎలా అనుకున్నామో అంతా చెప్పించుకుంది.

"నేను అన్నది నిజమే అమ్మా. కానీ సావు మీ చెల్లెది గాదు. గడ్డల ఉన్న కణాలది. గవి సావాలె, సస్తలేవు. గదే బీమారి."

అక్కడినుంచి ఆవిడ ఓపిగ్గా చెప్పింది, నేను అర్థం కానప్పుడల్లా ఆపాను. మన ఒళ్ళంతా కణాలట, కంటికి కనపడనంత చిన్నవి. ఆ కణాన్నే ఇంగ్లీషులో సెల్ అంటారట. ఒక్కో కణం రెండుగా అవుతుంది. అవి రెండూ మళ్ళీ రెండేసి. అలాగే పుండు మానుతుంది, జుట్టు పెరుగుతుంది. అయితే రెండుగా అయ్యే ముందు కణం ఊరికే దూకదు. మధ్య మధ్య ఆగి, అంతా సక్రమంగా ఉందా లేదా అని చూసుకుంటుంది. తప్పుంటే దిద్దుకుంటుంది. దిద్దుకోలేనంత తప్పయితే ముందుకి పోదు. తనంతట తనే చక్కగా ముడుచుకుని పోతుంది. పక్క కణాలు దాని ముక్కల్ని తిని శుభ్రం చేసేస్తాయి. చీము ఉండదు, వాపు ఉండదు, మనకి తెలియను కూడా తెలియదు. ఆ పద్ధతి ప్రతి కణం లోపలా ముందే పెట్టి ఉంటుంది కాబట్టి దాన్ని ప్రోగ్రామ్డ్ డెత్ అంటారట. మనం ఇలా కూర్చున్నప్పుడు కూడా మన ఒంట్లో అలాంటి చావులు జరుగుతూనే ఉంటాయి, అవి జరగబట్టే మనం బాగున్నాం అంది.

మరి మా చెల్లెలికి ఏమైంది అన్నాను.

"గడ్డ అంటే ఊకె పెరుగుడే అనుకుంటరు అందరు. సావకపోవుడు గూడ. తప్పు సూసే కాపలా ఒకటి ఉంటది కణం లోపట. గా కాపలా పడుకున్నదనుకో, తప్పున్న కణం ఆగదు, సావదు, రెండు అయితది, నాలుగు అయితది. మేం ఇచ్చే మందు, రెండుగ అయ్యే పనిల ఉన్న కణాన్ని పట్టుకోని ఖరాబ్ చేస్తది. ఇగ గప్పుడన్న గది తనంత తాను పోవాలె. మా పిల్లలకు నిన్న గదే చెప్తున్న."

ఖాయంగా పోతుందా అని అడిగాను. ఆవిడ నా కళ్ళలోకి చూసి చెప్పింది.

"గ్యారంటీ నేనియ్యను. కొన్ని గడ్డలు మొండిగుంటయి, మందుకు గూడ లొంగవు. సూస్కుంట, మార్సుకుంట పోవాలె. కానీ మందే పెట్టకుంటే ఏమైతదో, గది మాత్రం నాకు తెల్సు."

ఆ ఆఖరి మాటతో నేను లేచాను. తియ్యగా చెప్పి ఉంటే అంత నమ్మేదాన్ని కాదు.

సుల్తాన్ బజార్

ఇప్పుడు చిక్కేమిటంటే, ఇదంతా సుగుణకి నా నోటితో చెప్తే అది నమ్మదు. నన్ను ఇక్కడ ఉంచడానికి కల్పించి చెప్తున్నావంటుంది. దానికి చెవితో కాదు, చేత్తో చెప్పాలి. ఆటో ఎక్కి సుల్తాన్ బజార్‌కి పోనిమ్మన్నాను. కోఠి బస్టాపుల దగ్గర అది ఇరుక్కుపోయింది. దిగి, పాత పుస్తకాల గుట్టలు దాటుకుంటూ నడిచాను.

లేసు సూది ఎప్పుడూ నా సంచిలోనే ఉంటుంది. దారమే తెచ్చుకోలేదు. ఒక కొట్లో, లేసు దారం కావాలి బాబూ, ఎర్రది అన్నాను. అతను ఇదిగో అని బూటు లేసులు తెచ్చి పెట్టాడు. ఇవి కాదు, అల్లేది అంటే చీర అంచులకి కుట్టే జరీ పట్టీ తెచ్చాడు. మన నర్సాపురంలో లేసు అంటే పసిపిల్ల కూడా ఏమిటో చెప్తుంది. చివరికి సూది తీసి గాలిలో అల్లి చూపించాను. కొట్లో ఉన్నవాళ్ళంతా చేరారు. "ఓ, క్రోషా దారం కావాల్నా" అని లోపలినుంచి ఎర్ర ఉండ తెచ్చి ఇచ్చాడు.

పువ్వు

గదికి వెళ్ళేసరికి సుగుణ సంచి ఒళ్ళో పెట్టుకుని, చెప్పులు వేసుకుని మంచం మీద కూర్చుని ఉంది. రైలుకి టైమవుతోంది, ఎక్కడికి పోయావు అంది. వెళ్దాంలే అని నేను ఎదురుగా కూర్చుని ఎర్ర దారంతో పువ్వు మొదలుపెట్టాను.

లేసు తెలియనివాళ్ళ కోసం ఇది రాయి. మధ్యలో చిన్న గుండ్రం వేస్తాం, దాని చుట్టూ వరస మీద వరస అల్లుతాం. ఒక వరస చివర కలిపే ముందు కుట్లు సరిగ్గా ఉన్నాయా లేదా చూసుకుని కానీ పై వరసకి పోకూడదు. తప్పుంటే ఆ వరస విప్పేయాలి. కుట్లు ఎక్కువ పడితే పువ్వు బల్లపరుపుగా పడదు, అంచులు మడతలు తిరిగి ముద్దయిపోతుంది.

నేను మొదటి వరస బాగా వేశాను. రెండో వరసలో కావాలని కుట్లు ఎక్కువ వేశాను. చూసుకోకుండా కలిపేసి మూడో వరసకి పోయాను. సుగుణ కిటికీ వైపు చూస్తోంది కానీ కన్ను ఇటే ఉంది.

"అక్కా, రెండో వరస తప్పింది."

ఇంకో వరస వేశాను.

"తప్పిందంటున్నానా. విప్పు."

"ఎందుకు విప్పడం? బాగానే పెరుగుతోందిగా."

"పెరగడమేంటే, ముద్దవుతోంటే? కళ్ళు పోయాయా నీకు? తప్పు పడ్డాక పైన ఇంకా అల్లుతారా ఎవరైనా?"

సంచి కింద పెట్టేసి వచ్చి నా చేతిలోంచి లాక్కుంది. సూది తీసేసి దారం కొస పట్టుకుని ఒక్క లాగు లాగింది. వరసలన్నీ సరసరా విడిపోయి మధ్య గుండ్రం దాకా వచ్చేసింది. విడిపోయిన దారాన్ని చేతికి చుట్టుకుంటూ నన్ను తిడుతూనే ఉంది. నేను దాని చెయ్యి పట్టుకున్నాను.

"ఇదే సుగుణా డాక్టరమ్మ చెప్పింది. నీ గడ్డ కూడా ఇంతే. తప్పిన వరస తనని తాను విప్పుకోవాలి, విప్పుకోలేదు, పైపైన అల్లుకుంటూ పోయింది. ఆ విప్పుకోవడం పేరే ప్రోగ్రాం. చావు నీది కాదే. దానిది."

సుగుణ చేతికి చుట్టుకున్న దారం చూసుకుంటూ నిలబడింది. తర్వాత ప్రశ్నలు మొదలుపెట్టింది, ఒకదాని వెంట ఒకటి. ఎవరు విప్పుతారు, డాక్టరా అంది. ఎవరూ కాదు, కణమే విప్పుకుంటుంది, మందు దాన్ని అక్కడిదాకా నెడుతుంది అన్నాను. మంచి పువ్వులు కూడా విప్పేస్తుందా మందు అంది. కొంత విప్పుతుంది, తొందరతొందరగా పెరిగే వాటన్నిటి మీదా పడుతుంది, అందుకే జుట్టు ఊడుతుంది, నోరు పూస్తుంది, అవి మళ్ళీ పెరుగుతాయి అన్నాను. ఒక్కసారికి ఎందుకు చాలదు అంది. ఆ మాట నేను డాక్టరమ్మని అడిగే వచ్చాను. అన్ని కణాలూ ఒకేసారి పనిలో ఉండవట. కొన్ని పడుకుని ఉంటాయి. పడుకున్నవి మందుకి దొరకవు, లేచి పని మొదలెట్టాకే దొరుకుతాయి. ఒళ్ళు కోలుకోవడానికి మధ్యలో ఆగి, మళ్ళీ మళ్ళీ ఇచ్చేది అందుకు కూడానట.

ఖాయంగా తగ్గుతుందందా అని ఆఖర్న అడిగింది. లేదు, ఆవిడ మాట ఇవ్వలేదు అన్నాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

సుగుణ వంగి చెప్పులు విప్పేసింది.

మందు

నాలుగో రోజు పొద్దున్న మంచిగా తినే వెళ్ళాం, రెండు ప్లేట్ల ఖిచిడీ. మందు నెమ్మదిగా ఎక్కుతుంది, గంటలు పడుతుంది. పక్క కుర్చీలో మెదక్ నుంచి వచ్చిన ఎస్తేరమ్మ అని ఒకావిడ, ఆవిడకీ మొదటిసారే. మందు సీసా కనపడకుండా ముఖం పక్కకి తిప్పేసుకుంటోంది. సుగుణ ఒక చేతికి గొట్టం పెట్టించుకుని, రెండో చేత్తో దుప్పటి అంచు మీద గీస్తూ, ఇదిగో ఇది వరస, ఇక్కడ తప్పు పడింది అని ఆవిడకి చెప్పడం మొదలుపెట్టింది. ఎస్తేరమ్మ అంతా విని, "గిదంత నాకు ఎవ్వరు చెప్పలే అక్కా" అంది. అడగాలమ్మా, అడిగితే చెప్తారు అంది మా సుగుణ, అక్కడికి తనే బెంచీ మీద కూర్చున్నట్టు.

తర్వాత రెండు రోజులు బాగా ఇబ్బంది పడింది. వాంతులు, ఏం పెట్టినా ఇనుము వాసన అనేది. నర్సింగరావు గారి భార్య మెత్తగా చేసిన పెరుగన్నం పంపితే రెండు ముద్దలు దిగేవి. ఓపిక వచ్చాక రైలెక్కాం. ఇంటికొచ్చిన కొన్నాళ్ళకి జుట్టు దువ్వెనకి ఊడొచ్చింది. ఒకరోజు అద్దం ముందు చాలాసేపు కూర్చుంది. మర్నాడు మంగలిని పిలిపించి మిగిలింది కూడా తనే తీయించేసింది. ఏదీ వదలకుండా చెప్తున్నాను చూడు, భయం పోలేదు దానికి. నాకూ పోలేదు. గడ్డ ఏమైందో మళ్ళీ వెళ్ళినప్పుడు కొలిచి చెప్తారు. తగ్గిందంటారో, మొండిగా ఉందంటారో తెలియదు. అయితే ఈసారి టికెట్లు నేను తీయించలేదు బ్లెస్సీ. మీ చిన్నమ్మమ్మే స్టేషనుకి వెళ్ళి తెచ్చింది, నాకు చెప్పను కూడా చెప్పలేదు. మందు మళ్ళీ అంత బాధ పెడుతుందేమోనే, వెళ్ళగలవా అని అడిగాను. అప్పుడది ఏమందంటే...

"ఏమన్నానో తిరిగొచ్చాక చెబుదువుగాని, ముందు లేచి రా అక్కా. అన్నం పెట్టేశాను. పొద్దున్నే బయల్దేరాలి మనం."